బుడమేరు వెంట ఒక వేసవి వారం

ప్రతి ఏటా ఏప్రిల్ చివరి వారంలో మా ఇంట్లో ఒక చర్చ మొదలవుతుంది. అరకు వెళ్దామని మా అమ్మాయి, ఊటీ వెళ్దామని మా ఆవిడ పట్టుపడతారు. చివరకు తిరుపతి వెళ్లి వస్తాం. 2025లో ఆ చర్చే జరగలేదు. అంతకు ముందు ఏడాది సెప్టెంబరు 1న, ఆదివారం నాడు, బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌లోని మా ఇంట్లోకి వచ్చి ఛాతీ లోతున నిలబడ్డాయి. నీళ్లు దిగిపోయిన తరువాత ప్రభుత్వం కింది అంతస్తు ఇళ్లకు 25,000 రూపాయలు, పై అంతస్తుల వారికి 10,000 రూపాయలు ఇచ్చింది. మాకు వచ్చిన 25,000 ఫ్రిజ్జుకూ కరెంటు వైరింగుకూ సరిపోగా, ఉబ్బిపోయిన తలుపులకు, మంచాలకు, స్కూటరు ఇంజనుకు పెట్టిన ఖర్చంతా మా పొదుపులోంచే పోయింది. ప్రయాణాల డబ్బు అందులో కలిసిపోయిందని ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు.

మే మూడో వారంలో హైదరాబాదు నుంచి మా అక్క కొడుకు సెలవులకు వచ్చాడు. పదకొండేళ్ల వాడు. గుమ్మం పక్కన గోడ మీద మేము సున్నం వేసినా చెరగని మట్టి చార వాడి తల కన్నా ఎత్తులో ఉంది. దాని వైపు చూసి, "మామయ్యా, ఈ నీళ్లు అసలు ఎక్కడి నుంచి వచ్చాయి?" అని అడిగాడు. నేను చెప్పిన జవాబు నాకే సరిగ్గా అనిపించలేదు. ముప్పై ఏళ్లుగా ఈ పేటలో ఉంటున్నా, బుడమేరు నాకు వంతెన మీద నుంచి ముక్కు మూసుకుని దాటే మురుగు కాలువగానే తెలుసు. కనుక ఈ వేసవిలో ఊరు దాటకుండా, తెల్లవారుజామునో సాయంత్రమో బయలుదేరి, మా ఊరినీ ఆ నీటి దారినీ చూసి రావాలని నిర్ణయించుకున్నాం. బెజవాడలో ఉన్నవి రెండే కాలాలని, ఒకటి ఎండాకాలమైతే రెండోది మండే కాలమని మా నాన్నగారు అంటుంటారు. అందువల్ల పగలు పదింటి నుంచి సాయంత్రం అయిదింటి దాకా కప్పు కిందే ఉండాలని మా ఆవిడ షరతు పెట్టింది.

మొదటి రోజు, ఆదివారం, మే 18

సాయంత్రం అయిదున్నరకు ప్రకాశం బ్యారేజీ మీదకు చేరాం. ఎగువన పన్నెండడుగుల మట్టానికి కట్టే నీరు పడమటి ఎండకు రాగి పళ్లెంలా ఉంది. దిగువన ఇసుక, రాళ్లు, అక్కడక్కడ పాయలు, వాటిలో నిలబడి వల విసురుతున్న ఇద్దరు మనుషులు కనిపించారు. ఆ ఇసుకను చూస్తున్న వాడికి, ఇదే చోట నుంచి 2024 సెప్టెంబరులో 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు కిందికి వెళ్లిందంటే నమ్మబుద్ధి కాదు. 1957లో ఈ బ్యారేజీ పూర్తయిన నాటి నుంచీ అంత ప్రవాహం రాలేదు. 2009 అక్టోబరు నాటి వరదను కూడా అది మించింది.

మా మేనల్లుడు గేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టి, ముప్పై దాటాక మొక్కజొన్న పొత్తుల బండి కనిపించగానే లెక్క మరిచిపోయాడు. మొత్తం డెబ్బయి గేట్లు. వరద రోజుల్లో ఎగువ నుంచి కొట్టుకొచ్చిన ఇసుక పడవలు 67, 69, 70 నంబరు గేట్ల దగ్గర ఢీకొని ఇరుక్కున్నాయి. గేటు ఎత్తడానికి దించడానికి అవతలి వైపు వేలాడే బరువు దిమ్మెలు అప్పుడు దెబ్బతిన్నాయి. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో, వరద పారుతుండగానే, వాటి చోట కొత్తవి బిగించారు. మా నాన్నగారు నలభై ఏళ్లు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టిన మనిషి. ఇనుముతో చేసే పని ఆయనకు అర్థమైనట్టు మరేదీ అర్థం కాదు. రెయిలింగు పట్టుకుని, ఆ దిమ్మె ఎలా వేలాడుతుందో, నీటి ఒత్తిడి మీద బరువును నిలపడం ఎంత కష్టమో మనవడికి చేతులతో చూపిస్తూ పావుగంట చెప్పారు. ఆ పావుగంటలో వాడు రెండు పొత్తులు తిన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు కృష్ణలంక వైపు రక్షణ గోడ దగ్గర కాసేపు ఆగాం. కృష్ణకు వరద వచ్చినప్పుడల్లా ఇళ్లు వదిలి పోయే అలవాటున్న ఆ పేటను మొన్నటి రికార్డు వరదలో ఈ గోడే కాపాడింది. దాన్ని ఎవరు కట్టించారన్న వాదన పక్కనున్న టీ కొట్టు దగ్గర ఇంకా జరుగుతూనే ఉంది. బెజవాడ వాళ్లం గనుక మేము టీ తాగినంత సేపు విని, ఏ పక్షమూ చేరకుండా వచ్చేశాం. నదికి గోడ అడ్డం పడింది, ఏరు మాత్రం వెనక నుంచి వచ్చిందని మా ఆవిడ దారిలో అన్నది.

రెండో రోజు, సోమవారం

ఉదయం ఏడింటికే భవానీపురం బెర్మ్ పార్కుకు వెళ్లి భవానీ ద్వీపానికి పడవ కోసం వరుసలో నిలబడ్డాం. బ్యారేజీకి ఎగువన నది మధ్యలో నూట ముప్పై ఎకరాలకు పైగా పరుచుకున్న లంక అది. మా పెళ్లయిన కొత్తలో ఇద్దరమూ వచ్చిన మొదటి చోటు కూడా అదే. పిల్లలు నారింజ రంగు జాకెట్లు వేసుకుని పడవ ఎక్కేశారు. 2017లో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర జరిగిన పడవ ప్రమాదం తరువాత మా నాన్నగారు జాకెట్టు ముడి తన చేత్తో వేస్తే తప్ప ఎవరినీ పడవ ఎక్కనివ్వరు. అందరి ముళ్లూ చూసి ఆయన తలెత్తేసరికి మా ఆవిడ ఇంకా గట్టు మీదే ఉంది.

వరదలో మేము మూడు రోజులు డాబా మీద ఉన్నాం. మొదటి రోజు వాన, రెండో రోజు ఎండ. డ్రోన్లు వచ్చి పక్క వీధి డాబాల మీద పొట్లాలు దించిపోతుంటే మా వైపు ఎప్పుడొస్తాయా అని చూస్తూ కూర్చున్నాం. మూడో రోజు పడవ వచ్చింది. ఫ్లైఓవరు దాకా ఆ పడవలో వెళ్తున్నంత సేపూ ఆమె కళ్లు మూసుకునే ఉంది. ఆ తరువాత ఎనిమిది నెలల్లో పడవ మాట మేమూ ఎత్తలేదు, ఆమే ఎత్తలేదు. ఈ ద్వీపం ప్రయాణం నేను అనుకున్నప్పుడు ఆ సంగతి నాకు తట్టకపోవడం నా తెలివితక్కువే.

పడవ పిల్లలనూ నాన్నగారినీ తీసుకుని వెళ్లిపోయింది. మేమిద్దరం రావిచెట్టు కింద కూర్చుని నిమ్మసోడా తాగాం. రెండో పడవ వచ్చి, సరంగు మా వైపు చూస్తుంటే, ఆమె లేచి చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కి కూర్చుంది. నేను పక్కన కూర్చున్న తరువాత చాలాసేపటికి, "ఆ రోజు పడవ కింద మన వీధి ఉంది, అందుకు భయమేసింది. ఇప్పుడు కింద ఉన్నది నదే కదా" అన్నది. నది మధ్యకు వచ్చేసరికి గాలి తగిలింది. అవతల ఇంద్రకీలాద్రి, ఇవతల ఉండవల్లి కొండలు, మధ్యలో ఎండకు మెరిసే నీళ్లు. ఇంత దగ్గరలో ఇంత చల్లగాలి ఉండగా మేము ఊటీ పేరు ఎందుకు తలుచుకుంటామో నాకు బోధపడలేదు.

ద్వీపం ఇంకా పూర్తిగా తేరుకోలేదు. మనిషికి రెండింతల ఎత్తులో చెట్ల కొమ్మల మధ్య ఎండిన గడ్డి, ప్లాస్టిక్ సంచులు, ఒక చాప ముక్క చిక్కుకుని ఉన్నాయి. ఆట వస్తువులలో కొన్ని కొత్త రంగుతో నిలబడితే, కొన్నింటి చుట్టూ తాడు కట్టి ఉంది. అయినా చెట్ల కింద కుటుంబాలు చాపలు పరుచుకుని పులిహోర డబ్బాలు విప్పుతున్నాయి. మా పక్కన కూర్చున్న వారిది పాయకాపురం. "మీ ఇంట్లో ఎంతవరకు?" అని అడిగారు. ఈ ఏడాది మా వైపు పరిచయాలు ఇలాగే మొదలవుతున్నాయి. నేను ఛాతీ చూపించాను, ఆయన మెడ చూపించారు. ఆ తరువాత ఆవకాయ ముక్కలు ఇచ్చిపుచ్చుకున్నాం.

మూడో రోజు, మంగళవారం

ఎండ దంచేసింది. పగలు బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలో గడిపాం. 1887లో విక్టోరియా జూబిలీ పేరుతో పునాది పడ్డ భవనం. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య తన జెండాను గాంధీకి అందించారు. మా అమ్మాయి పాఠంలో చదివినదే కనుక, నాకు తెలియదనుకుని మొత్తం మళ్లీ వివరించింది.

సాయంత్రం గాంధీ కొండ ఎక్కాం. 1968 అక్టోబరు 6న నాటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ప్రారంభించిన యాభై రెండడుగుల స్తూపం పైన ఉంది. మేము వెళ్లింది మాత్రం పైనుంచి ఊరు చూడడానికి. కింద రైల్వే యార్డు, ఒక దాని వెనక ఒకటి కదిలే గూడ్సు బళ్లు, ఆ పట్టాలకు అవతల ఉత్తరాన పల్లంలో మా సింగ్‌నగర్. పైనుంచి చూస్తే కొండలకు, రైలు కట్టకు మధ్య ఊరు పళ్లెంలా ఎలా ఉందో, ఒకసారి వచ్చిన నీరు ఎందుకు కదలకుండా కూర్చుందో విడిగా చెప్పనక్కర లేకుండానే కనిపిస్తుంది. మా మేనల్లుడు మా డాబా మీది నీలం రంగు ట్యాంకును వెతికాడు. అలాంటివి వందల కొద్దీ ఉన్నాయి.

నాలుగో రోజు, బుధవారం

తెల్లవారుజామున నున్న మామిడి మార్కెట్టుకు వెళ్లాం. మా పేట నుంచి పాయకాపురం, కండ్రిక దాటితే నున్న వస్తుంది. ఆ దారి పొడవునా ఇళ్ల గోడల మీద మా ఇంటి చారే, కాస్త పైకో కిందికో జరుగుతూ మాతో పాటు వచ్చింది. కొందరు దాని మీద రంగు వేశారు. కొందరు అంతవరకు టైల్స్ అతికించారు. అది తెలివైన పనే అనిపించింది. ఒక కిరాణా కొట్టాయన మాత్రం చార మీదనే తేదీ రాసి ఉంచారు.

మార్కెట్టు అప్పటికే మామిడి వాసనతో నిండిపోయింది. మైలవరం, రెడ్డిగూడెం, ఆగిరిపల్లి, నూజివీడు తోటల నుంచి వచ్చిన ట్రాక్టర్ల మీంచి కాయలను రాశులుగా పోసి, సైజుల వారీగా ఏరి, ఉత్తరాది లారీల కోసం పెట్టెల్లో సర్దుతున్నారు. ఎక్కువగా బంగినపల్లి. ఒక పక్కన తోతాపురి ఉంది. దాన్ని మా వైపు కలెక్టరు కాయ అంటారు. ఏ కలెక్టరు వల్ల ఆ పేరు వచ్చిందో చెప్పడానికి అక్కడున్న నలుగురూ నాలుగు కథలతో సిద్ధంగా ఉన్నారు. రసాలు మాత్రం దూర ప్రయాణానికి ఆగవు గనుక, అవి ఈ చుట్టుపక్కల వాళ్ల అదృష్టం. చిన్న రసం కాయను అరచేతుల మధ్య మెత్తగా నలిపి, తొడిమ దగ్గర చిన్న గాటు పెట్టి, రసం మోచేతి దాకా కారుతుండగా జుర్రుకోవడం ఎలాగో మా నాన్నగారు మనవడికి నేర్పించారు. హైదరాబాదులో వాడు మామిడిపండును ముక్కలుగా, ఫోర్కుతో తింటాడట. వాడి చొక్కా ఆ రోజుతో సరి.

ఈ మార్కెట్టులో హమాలీ పని చేసేవారిలో చాలామంది మా పేటల వాళ్లే. వరదలో సామాన్లు పోగొట్టుకున్న మనిషికి మామిడి కాలం ఎంత అవసరమో మా వీధి చివర ఉండే ఒకాయన చెప్పాడు. కూతురి పెళ్లికి దాచిన బట్టలన్నీ బురదలో పోతే మాఘంలో పెట్టుకున్న ముహూర్తం వాయిదా వేసుకుని, ఈ రెండు నెలల కూలి మీద ఆశ పెట్టుకున్నాడు. మేము రెండు పెట్టెల బంగినపల్లి, విడిగా రెండు డజన్ల రసాలు కొన్నాం. ఇంటికొచ్చి కాయలను వరిగడ్డిలో మాగేశాం. దారిలో తాటి ముంజలు కూడా దొరికాయి. కత్తి దెబ్బకు మూడు కళ్లు బయటపడగానే బొటనవేలు గుచ్చి తినే ఆ చల్లదనానికి ఐస్‌క్రీము సాటి రాదని నా అభిప్రాయం. మా అమ్మాయి ఒప్పుకోలేదు.

ఆ సాయంత్రం సింగ్‌నగర్ బసవపున్నయ్య స్టేడియంలో పిల్లలు క్రికెట్ ఆడుకున్నారు. సెప్టెంబరులో చెరువైపోయిన ఆ మైదానంలో ఇప్పుడు ఒకేసారి ఆరు ఆటలు నడుస్తున్నాయి. ఎవరి బంతి ఎవరిదో వాళ్లకే తెలియాలి.

అయిదో రోజు, గురువారం

అసలు ప్రయాణం ఈ రోజే. ఉదయం ఆరింటికి కారు మాట్లాడుకుని కొండపల్లి బయలుదేరాం. ఎండ ముదరక ముందే ఖిల్లా చూసేశాం. 14వ శతాబ్దంలో రెడ్డి రాజులు కట్టించిన కోట అది. మూడంతస్తుల రాతి కట్టడం నీడలో నిలబడితే ఒంటికి చెమట ఆరేంత గాలి వస్తుంది.

దిగివచ్చి బొమ్మల కాలనీలో ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాం. ఈ కొండల్లో దొరికే తెల్లపొణికి కర్ర చేతికి తీసుకుంటే బరువే ఉండదు. దానిని ఆరబెట్టి, చెమ్మ పోగొట్టి, ఉలితో, ఆకురాయితో ఒక్కో అవయవాన్నీ విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆపైన సున్నం పూత, తరువాత రంగులు. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు అన్నీ ఆ వరుసలోనే పుడతాయి. మా మేనల్లుడు ఎడ్లబండి అడిగాడు. పనిచేస్తున్న పెద్దావిడ దాని చక్రం తిప్పి చూపించి, "చెమ్మ తగలనీకు నాన్నా, మక్కు వదిలేస్తుంది" అని చెప్పింది. మా ఇంటి షోకేసులో ఇరవై ఏళ్లున్న పెళ్లి పల్లకీ వరద నీళ్లలో ఎలా విడివిడి ముక్కలై తేలిందో నాకు అప్పుడు తెలిసింది. ఆ ముక్కలు ఇంట్లో ఒక డబ్బాలో ఉన్నాయన్నాను. తీసుకొస్తే అతికించి ఇస్తానన్నది.

అక్కడి నుంచి వెలగలేరు. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి ఇక్కడికి వస్తుంది. ఏటికి అడ్డంగా గేట్లతో కట్టిన ఇక్కడి రెగ్యులేటరు దగ్గర దాని నీటిని మళ్లింపు కాలువలోకి తిప్పి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుపుతారు. కాలువ మోయగలిగింది 15,000 క్యూసెక్కులు. 2024 ఆగస్టు 31 రాత్రి దానికి రెట్టింపుకు మించి నీరు వచ్చింది. అదే సమయంలో కృష్ణ కూడా నిండుగా ఉండడంతో ఈ నీటిని అది తీసుకోలేక వెనక్కి నెట్టింది. రెగ్యులేటరు గేట్లు ఎత్తారు, దిగువన కవులూరు దగ్గర ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆ నీరంతా పాత దారి వెతుక్కుంటూ మా పేటల మీదికి వచ్చింది. మూడో గండిని సైన్యం సాయంతో సెప్టెంబరు 7న పూడ్చారు.

మేము చూసేసరికి ఆ ఏటిలో తూటికాడ, రెల్లు, మధ్యలో మోకాలి లోతు కూడా లేని నీరు, అందులో నాలుగు గేదెలు ఉన్నాయి. గండ్లు పూడ్చిన చోట గట్టు మిగతా గట్టు కన్నా వేరుగా, కొత్త అతుకులా కనిపిస్తున్నది. మా మేనల్లుడు చాలాసేపు గేదెల వైపు చూసి, "ఇదేనా?" అన్నాడు. నాన్నగారు అవునన్నారు. 2005లో కూడా ఇదే ఏరు మమ్మల్ని ముంచింది. అప్పుడూ ఆయన చూడడానికి రాలేదు. ఆరు తరాలు గడిచినా పక్కింటివాడి ముఖం చూడని మనిషిలా ఉన్నానని ఆయన తనను తాను తిట్టుకున్నారు.

సాయంత్రం ఇబ్రహీంపట్నంలో పవిత్ర సంగమం ఘాట్ మెట్ల మీద కూర్చున్నాం. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్లు వచ్చి కృష్ణలో కలుస్తున్న చోటు ఇది. ఆ నీళ్లు చివరి అంచెలో వచ్చేది ఈ బుడమేరు మళ్లింపు కాలువలోనే. మే నెల కనుక గోదావరి జాడ లేదు. అయినా జనం వచ్చారు, పిల్లలు గాలిపటాలు ఎగరేశారు, మరమరాల మిక్చరు బాగా అమ్ముడుపోయింది. ఉదయం గేదెలు నిలబడ్డ నీళ్లూ ఇవీ ఒకటేనని చెబితే మా అమ్మాయి మెట్టు మీద నుంచి కాళ్లు తీసేసింది. కాసేపటికి మళ్లీ పెట్టింది.

ఆరో రోజు, శుక్రవారం

ఎక్కడికీ వెళ్లలేదు. రాత్రి పదకొండు గంటలకు ఉరుములతో వాన మొదలై, కరెంటు పోయింది. గంటసేపు కురిసిన మామూలు వేసవి వాన. వీధిలో ప్రతి ఇంటి గుమ్మంలోనూ ఒక టార్చి వెలుగుతూ మురుగు కాలువ వైపు తిరిగి ఉంది. పన్నెండున్నరకు అవి ఒకటొకటిగా ఆరిపోయాయి.

ఏడో రోజు, శనివారం

బుడమేరు పుట్టే వైపు చూశాం గనుక, అది కొల్లేరులో కలిసే చోటు కూడా చూస్తే గాని లెక్క పూర్తి కాదని మేనల్లుడు పట్టుబట్టాడు. ఊరి శివారున ఎనికేపాడు దగ్గర బుడమేరు ఏలూరు కాలువ కింది నుంచి సొరంగంలో దూరి అవతలికి పోతుంది. కాలువ మీదుగా, ఏరు కిందుగా ఒకదాన్నొకటి ముట్టుకోకుండా దాటే ఆ ఏర్పాటును కారు ఆపి చూశాం. అక్కడి నుంచి గుడివాడ మీదుగా కైకలూరు వెళ్లాం.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లపు సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏళ్లు అందులో కలుస్తాయి. మిగులు నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. చేపల చెరువుల గట్ల మధ్య ప్రయాణిస్తుంటే సరస్సు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియదు. 2006లో అక్రమ చెరువుల గట్లు కొట్టేసినా, నీరు పోవలసిన దారి ఇంకా ఇరుకుగానే ఉందని చూసిన ఎవరికైనా అనిపిస్తుంది. పైన ఎంత బాగు చేసినా కింద దారి లేకపోతే ఆ నీరు ఎక్కడికి పోతుందన్నది నాన్నగారి ప్రశ్న.

ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులను చూడవలసిన కాలం శీతాకాలం. మేము వెళ్లేసరికి చాలా గూళ్లు ఖాళీ. ఉన్న కొన్ని పక్షులు సంచి ముక్కులు ఛాతీకి ఆనించుకుని, సెలవుల్లో పాఠశాలకు వచ్చిన మాస్టార్లలా కూర్చున్నాయి. మధ్యాహ్నం ఒక పాక హోటల్లో కొరమీను పులుసుతో అన్నం తిన్నాం. వడ్డించిన ఆవిడ మాది సింగ్‌నగర్ అని విని, సెప్టెంబరులో అక్కడి నీళ్లు తమ వైపు ఎప్పుడొస్తాయా అని ఎలా భయపడ్డారో చెబుతూ, అడగకుండానే ఇంకో ముక్క వేసింది.

ఎనిమిదో రోజు, ఆదివారం

ఉదయం పత్రికలో నైరుతి రుతుపవనాలు ఎనిమిది రోజుల ముందే కేరళను తాకాయని వార్త వచ్చింది. పండిట్ నెహ్రూ బస్టాండులో మేనల్లుణ్ణి, మామిడి పెట్టెను, ఎడ్లబండిని అక్కకు అప్పగించి ఇంటికి వచ్చేసరికి, సంక్రాంతి నుంచి రేపు మాపు అంటున్న వడ్రంగి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. బియ్యం, పుస్తకాలు, కాగితాలు పెట్టుకోవడానికి గోడకు కొత్త అల్మరా కట్టాలి. కింది అర ఎంత ఎత్తులో పెట్టమంటారని అడిగాడు. నాన్నగారు లేచి, గోడ మీది మట్టి చార దగ్గర చెయ్యి పెట్టి, టేపు తీసుకుని, దానికి ఇంకో రెండడుగులు పైన పెన్సిలుతో గీత గీశారు. అంత ఎత్తయితే అమ్మగారికి అందదు కదండీ అన్నాడు వడ్రంగి. స్టూలు కూడా ఒకటి చెయ్యమన్నారు నాన్నగారు.